జీపీయూ లేకుండా తెలుగు ఆడియోని టెక్స్ట్ చేయాలంటే: ఏ లైబ్రరీ ఎవరికి పనికొస్తుంది

ముందే చెప్పేస్తున్నా, నా దగ్గర జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) లేదు. "ఒక ఆర్‌టీఎక్స్ కార్డు పడేయ్ బాసూ" అన్న సలహాతో తేలిపోయే వ్యవహారమైతే ఇదంతా రాసేవాణ్ణే కాదు. నా దగ్గరున్నవి మూడు: సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న ఆఫీసు డెస్క్‌టాప్ (ఐ5, నాలుగో జనరేషన్, నాలుగు కోర్లు), చెల్లెలి ల్యాప్‌టాప్, ఎన్100 చిప్పుతో వచ్చే అరచేతంత మినీ పీసీ. పనేమిటంటే, కోనసీమలో మా తాతయ్యా ఆయన ఈడు వాళ్ళూ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చెప్పుకున్న కబుర్లు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాను, అరవై గంటల పైమాటే. అవన్నీ టెక్స్ట్ అయితే, 86 గోదావరి వరద గురించి ఎవరేం చెప్పారో వెతుక్కోవచ్చు. ఇంటి గొడవలు, భూముల తగాదాలు, ఎవరి పెళ్ళి ఎలా తప్పిపోయిందీ అన్నీ అందులో ఉన్నాయి కాబట్టి ఎవరి సర్వర్‌కో పంపడం నాకు ఇష్టం లేదు.

అలా మొదలుపెట్టి ఎంకేఎల్, ఓపెన్‌బ్లాస్, వన్‌డీఎన్‌ఎన్, ఓపెన్‌వినో, సీట్రాన్స్‌లేట్2, విస్పర్ సీపీపీ, వోస్క్, ఓఎన్ఎన్ఎక్స్ రన్‌టైమ్ అనే అడవిలో పడ్డాను. మొదటి మూడూ లెక్కలు వేగంగా చేసే లైబ్రరీలు, మిగతావి మోడళ్ళని, అంటే ట్రైన్ చేసి పెట్టిన న్యూరల్ నెట్‌వర్క్‌లని, నడిపేవి. ప్రతివాడూ "మాది ప్రాసెసర్‌కి ఆప్టిమైజ్ చేసింది" అనే అంటాడు. అందరిదీ నిజమే. మీ మిషన్ మీద, మీ పనికి అది ఉపయోగపడుతుందా అన్నదే అసలు పేచీ.

అసలు ఆప్టిమైజ్ చేయడం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. మడిలో ఒక్కరే నాట్లు వేయడానికీ, ఎనిమిది మంది వరసగా నిలబడి ఒక్క అడుగుతో ఎనిమిది మొక్కలు నాటడానికీ ఎంత తేడా ఉందో, మామూలు ఇన్‌స్ట్రక్షన్‌కీ ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్‌కీ అంత తేడా (ఏవీఎక్స్2 అంటే ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే ప్రాసెసర్ ఆజ్ఞలు). ప్రాసెసర్ లోపల అంకెలు పెట్టుకునే 256 బిట్ల రిజిస్టర్‌లో 32 బిట్ల సంఖ్యలు ఎనిమిది పడతాయి, అదే 8 బిట్ల పూర్ణసంఖ్యలైతే 32 పడతాయి. ఇంటెల్‌లో ఈ దారి 1997లో ఎంఎంఎక్స్‌తో మొదలై, 1999లో పెంటియం 3తో ఎస్ఎస్ఈ, 2011లో ఏవీఎక్స్, 2013లో హాస్‌వెల్‌తో ఏవీఎక్స్2 అయింది, ఆ తర్వాత సర్వర్లలో ఏవీఎక్స్512, ముఖ్యంగా 8 బిట్ల గుణకారాల కోసం పెట్టిన వీఎన్ఎన్ఐ, 2023 జనవరిలో సఫైర్ ర్యాపిడ్స్‌తో మ్యాట్రిక్స్ గుణకారాల కోసం ఏఎంఎక్స్ వచ్చాయి. ఏఆర్ఎం (ఫోన్లలో ఎక్కువగా ఉండే చిప్పుల రకం) వైపు దీన్ని నియాన్ అంటారు. లైబ్రరీ చేసే పనల్లా, మీ చిప్పులో వీటిలో ఏది ఉందో చూసి దానికి తగ్గట్టు రాసిన కోడ్‌లోకి దారి మళ్ళించడం, డేటాని ప్రాసెసర్‌ని ఆనుకుని ఉండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో పట్టేలా ముక్కలు చేసి అందించడం.

పాత పుస్తకాలు, పాత కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు చదివి వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. 1990ల చివర్లో ఇంటెల్ వాళ్ళకి రికగ్నిషన్ ప్రిమిటివ్స్ లైబ్రరీ అని ఒకటి ఉండేది, అచ్చంగా స్పీచ్ రికగ్నిషన్‌కీ ప్యాటర్న్ రికగ్నిషన్‌కీ కావలసిన లెక్కలన్నీ పెంటియం కోసం చేత్తో చెక్కినట్టు రాసి పెట్టారు. తర్వాత అలాంటివన్నీ ఇంటెల్‌దే అయిన ఐపీపీ అనే లైబ్రరీలో కలిసిపోయాయి. ఐపీపీలో చాలాకాలం స్పీచ్ రికగ్నిషన్‌కి వేరే విభాగం ఉండేది, గౌసియన్ మిక్స్చర్ల (పాత పద్ధతి గణాంక మోడళ్ళ) లెక్కలు, మెల్ ఫిల్టర్‌బ్యాంకులు వగైరా. 2015 ప్రాంతంలో 9.0 వెర్షన్ వచ్చేసరికి ఆ విభాగాన్ని తప్పించేశారు. కారణం తెలిసిందే. అప్పటికే స్పీచ్ అంతా న్యూరల్ నెట్‌వర్క్‌ల వైపు వెళ్ళిపోయింది, గౌసియన్ మిక్స్చర్‌ని ఎంత వేగంగా లెక్కపెట్టినా అడిగేవాడు లేడు. ఐపీపీ ఇప్పటికీ బతికే ఉంది, ఎఫ్ఎఫ్‌టీలకి, ఫిల్టర్లకి, ఇమేజ్ రీసైజింగ్‌కి బ్రహ్మాండం. అయితే స్పీచ్ టు టెక్స్ట్ కోసం ఐపీపీ దించుకుంటే మీ పని నూటికి ఒకటో రెండో వంతుల దగ్గర తప్ప ఎక్కడా ఒడ్డెక్కదు, ఎందుకంటే ఇవాళ ఆడియో నుంచి మెల్ స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ ధ్వని ఎంత ఉందో చెప్పే పట్టిక) తీయడం అనేది మొత్తం పనిలో పోపు పెట్టడం లాంటిది, వంటంతా వేరేచోట జరుగుతోంది.

ఇక మీ దగ్గరున్న చిప్పు సంగతి. లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొడితే ఫ్లాగ్స్ అని పెద్ద చాంతాడు వస్తుంది, అందులో ఏవీఎక్స్2 ఉందా, వీఎన్ఎన్ఐ అనే మాట ఎక్కడైనా ఉందా చూసుకోండి. విండోస్‌లో సీపీయూ జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చాలు. "ఎనిమిదో జనరేషన్ కదా, అన్నీ ఉంటాయి" అనుకోవద్దు. పెంటియం గోల్డ్ జీ5400 లాంటివి ఆ తరానివే అయినా ఏవీఎక్స్ ఉండదు, సెలెరాన్ పేరుతో వచ్చిన చాలా చిప్పులదీ అదే కథ. తమాషా ఏమిటంటే, చవక మినీ పీసీల్లో వచ్చే ఎన్100కి ఏవీఎక్స్2తో పాటు వీఎన్ఎన్ఐ కూడా ఉంది, నా నాలుగో జనరేషన్ ఐ5కి వీఎన్ఎన్ఐ లేదు. అలాగని ఎన్100 అన్నిట్లో గెలుస్తుందనుకోకండి, ఎందుకో కిందికి వస్తే చెప్తా. రాస్ప్‌బెర్రీ పై (చిన్న బోర్డు కంప్యూటర్) వాళ్ళకైతే పై 4కీ పై 5కీ మధ్య పెద్ద గీతే ఉంది: పై 5లో ఉన్న కోర్టెక్స్ ఏ76కి 8 బిట్ల డాట్ ప్రాడక్ట్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, పై 4లోని ఏ72కి లేవు.

ఇక్కడే నేను ఒక రాత్రి పోగొట్టుకున్నాను. డెస్క్‌టాప్‌లో విస్పర్ సీపీపీని (విస్పర్ అనే మోడల్‌ని నడిపే ప్రోగ్రామ్) బిల్డ్ చేయడానికి, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ఫైలు తయారుచేయడానికి, చాలాసేపు పడుతోందని, గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక సర్వర్‌లో బిల్డ్ చేసి, ఆ ఫైలు తెచ్చి ఇంట్లో మిషన్ మీద పెట్టాను. రాత్రి పదకొండున్నరకి రన్ కొడితే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, కోర్ డంప్డ్" అని ఒక్క లైను, అంతే, చచ్చి ఊరుకుంది. మోడల్ ఫైలు పాడైందేమో అని మళ్ళీ దించాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. రెండింటికి తట్టింది: అది డీఫాల్ట్‌గా ఏ మిషన్ మీద బిల్డ్ చేస్తే ఆ మిషన్ కోసమే తయారవుతుంది. సర్వర్‌లో ఏవీఎక్స్512 ఉంది, కాబట్టి అవి వాడేసుకుంది, నా పాత ఐ5కి ఆ భాషే రాదు. కాబట్టి విస్పర్ సీపీపీని ఎక్కడ నడపాలో అక్కడే బిల్డ్ చేయండి, లేదా నేటివ్ అనే ఆప్షన్ ఆపేసి కావలసినవి మీరే చెప్పండి. దీనికి భిన్నంగా సీట్రాన్స్‌లేట్2, వన్‌డీఎన్‌ఎన్, ఓపెన్‌వినో, ఓఎన్ఎన్ఎక్స్ రన్‌టైమ్ ఇవన్నీ నడిచేటప్పుడు చిప్పుని అడిగి తెలుసుకుని దారి ఎంచుకుంటాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌ని నలుగురి ఇళ్ళల్లో నలుగురి కంప్యూటర్లలో పెట్టాలి అనుకునేవాళ్ళకి ఈ ఒక్క తేడాతోనే సగం నిర్ణయం అయిపోతుంది.

లైబ్రరీకంటే ముందు మోడల్

ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, తెలుగువాళ్ళకి మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే.

అందరూ వాడేది విస్పర్ అనే స్పీచ్ టు టెక్స్ట్ మోడల్. ఓపెన్ఏఐ వాళ్ళు 2022 సెప్టెంబర్‌లో వదిలారు, 6,80,000 గంటల ఆడియో మీద ట్రైన్ చేశారు. టైనీ సైజుకి 3.9 కోట్ల పారామీటర్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు), స్మాల్ 24.4 కోట్లు, మీడియం 76.9 కోట్లు, లార్జ్ 155 కోట్లు. తెలుగు వస్తుంది గానీ, వాళ్ళ డేటాలో తెలుగు వాటా పప్పులో ఉప్పు కూడా కాదు. సరే, తెలుగు మీద మళ్ళీ ట్రైన్ చేసినవి, అంటే ఫైన్‌ట్యూన్ చేసినవి ఉన్నాయి, ఐఐటీ మద్రాస్ స్పీచ్ ల్యాబ్ నుంచి తెలుగుకే ప్రత్యేకంగా వచ్చిన విస్పర్ మోడళ్ళు మోడళ్ళు పంచుకునే సైటు హగ్గింగ్ ఫేస్‌లో దొరుకుతాయి, అవి మామూలు విస్పర్ కంటే చాలా నయం. అయితే నా కంప్లైంట్ కచ్చితత్వం గురించి మాత్రమే కాదు, వేగం గురించి కూడా.

విస్పర్‌లో రెండు భాగాలు. మొదటిది ఎన్‌కోడర్, 30 సెకన్ల ఆడియోని ఒక్క ఊపులో మింగుతుంది. మీరు మూడు సెకన్ల ముక్క ఇచ్చినా మిగతా 27 సెకన్లూ ఖాళీతో నింపుకుని మరీ 30 సెకన్ల పనీ చేస్తుంది. రెండోది డీకోడర్, టోకెన్ (మాటలో ముక్క) తర్వాత టోకెన్, ఒక్కొక్కటే బయటికి తీస్తుంది. ఇంగ్లిష్‌లో మామూలు మాటంటే ఒకటో రెండో టోకెన్లు. తెలుగు అక్షరాలు ఆ టోకెనైజర్‌కి పెద్దగా పరిచయం లేవు, కాబట్టి బైట్లకి దిగిపోతుంది. "నమస్కారం" అనే మాట చూడండి: న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్నా. యూనికోడ్ లెక్కలో ఎనిమిది, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 24 బైట్లు. అన్నీ విడి టోకెన్లు కాకపోయినా, ఒక్క దండం పెట్టడానికి డీకోడర్ చాలాసార్లు తిరగాలి. పైగా అసలు విస్పర్ కోడ్‌లో ఒక 30 సెకన్ల ముక్కకి 224 టోకెన్ల దగ్గర గేటు పడుతుంది. గబగబా మాట్లాడే మనిషైతే (మా చిన్నతాతయ్యని వినాలి మీరు) 30 సెకన్లలో చెప్పినదంతా 224లో పట్టదు, వాక్యం మధ్యలో తెగిపోతుంది, టెక్స్ట్ చూసినవాడు మైక్ బాగోలేదేమో అనుకుంటాడు.

ఇప్పుడు దీన్ని ప్రాసెసర్ వైపు నుంచి చూడండి. ఎన్‌కోడర్ అంతా పెద్ద పెద్ద మ్యాట్రిక్స్ గుణకారాలు, అక్కడ ఏవీఎక్స్2, వీఎన్ఎన్ఐ, ఏఎంఎక్స్ నిజంగా పనికొస్తాయి. డీకోడర్ దగ్గర కథ వేరు. ఒక్కో టోకెన్‌కీ డీకోడర్ బరువులన్నీ (పారామీటర్లన్నమాట) ర్యామ్ నుంచి మళ్ళీ ఒకసారి చదవాలి. స్మాల్ మోడల్‌లో టోకెన్‌కి చదవాల్సిన పారామీటర్లు దాదాపు 14 కోట్లు. 32 బిట్లలో అయితే 56 కోట్ల బైట్లు. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్కటే స్టిక్కు ఉంటే సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ, అంటే అంతా సవ్యంగా జరిగినా సెకనుకి 45 టోకెన్లు మించవు. అదే 8 బిట్లకి క్వాంటైజ్ చేస్తే, అంటే అంకెల్ని కుదిస్తే, 180 దాకా వెళ్ళొచ్చు. రెండో ర్యామ్ స్టిక్కు పెడితే పరిమితి రెట్టింపు. ఇవి కాగితం మీది లెక్కలు, నిజంలో ఇంతకంటే తక్కువే వస్తాయి. కానీ చూశారా, ఇందులో ఏ లైబ్రరీ అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. ఎన్100కి మెమరీ ఛానెల్ ఒక్కటే, కాబట్టి వీఎన్ఎన్ఐ ఉన్నా డీకోడర్ దగ్గర కూలబడుతుంది, రెండు స్టిక్కుల పాత డెస్క్‌టాప్ పెద్ద మోడల్ మీద దానితో పోటీకి వస్తుంది. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉంటే అందులో ఒక 8 జీబీ స్టిక్కు పెట్టించాను. వారం రోజులు లైబ్రరీలు మార్చి మార్చి తెచ్చుకోలేని తేడా ఆ స్టిక్కుతో వచ్చింది.

ఇంకో రకం మోడళ్ళున్నాయి, సీటీసీ అంటారు (కంప్యూటర్లు అమ్మే సీటీసీ కాదు లెండి). ఇవి ఆడియోని ఒక్కసారి దాటించేసి, ప్రతి చిన్న ముక్కకీ ఏ అక్షరమో ఒకేసారి చెప్పేస్తాయి, టోకెన్ టోకెన్‌కీ తిరగడం ఉండదు. మూడు సెకన్లు ఇస్తే మూడు సెకన్ల పనే చేస్తాయి. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళ ఇండిక్‌కన్ఫార్మర్ ఈ పద్ధతిలో కూడా నడుస్తుంది. మన 22 షెడ్యూల్డ్ భాషలకీ చేశారు, తెలుగు ఉంది, లైసెన్స్ ఎంఐటీ. పని మొత్తం మ్యాట్రిక్స్ గుణకారాలే కాబట్టి ప్రాసెసర్ ఆప్టిమైజేషన్ అనేది పూర్తిగా ఫలించేది ఇలాంటి మోడల్ మీదే. కోర్లన్నీ నిండుగా తిరుగుతాయి, ఫ్యాన్ చప్పుడు వింటేనే తెలిసిపోతుంది.

కాబట్టి నా వరస ఇది: తెలుగుకి బాగా పనిచేసే మోడల్ ముందు, అది ఏ రూపంలో దొరుకుతుందో ఆ రూపాన్ని నడపగలిగే లైబ్రరీ తర్వాత. తలకిందులుగా పోతే టైనీ మోడల్‌ని మహావేగంగా నడిపి చెత్త టెక్స్ట్ తెచ్చుకుంటారు.

ఇక ఒక్కోటీ

ఫాస్టర్ విస్పర్. వెనక నడిచేది సీట్రాన్స్‌లేట్2. విస్పర్ కుటుంబం వాడదామనుకునేవాళ్ళకి, పైథాన్ అలవాటున్నవాళ్ళకి, నా మొదటి ఓటు దీనికే. పిప్ అనే పైథాన్ కమాండ్‌తో రెండు నిమిషాల్లో దిగుతుంది, ఇంటెల్ చిప్పైతే ఎంకేఎల్ వాడుతుంది, కాకపోతే వన్‌డీఎన్‌ఎన్‌కి మళ్ళుతుంది, ఏఆర్ఎం మీద వేరే దారి, అంతా తనే చూసుకుంటుంది. నిశ్శబ్దాన్ని కత్తిరించే వీఏడీ లోపలే ఉంది, దాన్ని తప్పకుండా ఆన్ చేయండి, ఎందుకంటే విస్పర్‌కి నిశ్శబ్దం ఇస్తే ఊరుకోదు, ఏదో ఒకటి కల్పించి అదే వాక్యం పది సార్లు రాస్తుంది. అరుగు మీద కబుర్లలో తాంబూలం నమిలే విరామాలు ఎన్ని ఉంటాయో మీకు తెలియంది కాదు. ఒక్క జాగ్రత్త: కంప్యూట్ టైప్ (లెక్క ఎన్ని బిట్లలో చేయాలన్నది) ఏమీ చెప్పకుండా వదిలేస్తే, 16 బిట్లలో సేవ్ చేసిన మోడల్‌ని ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) సీపీయూ మీద 32 బిట్లకి మార్చేసుకుంటుంది. ఒక వార్నింగ్ వేస్తుంది గానీ ఆ వార్నింగులు ఎవరు చదువుతారు. ఇంట్8 (8 బిట్ల పూర్ణసంఖ్యలు) అని స్పష్టంగా చెప్పండి. ఏ దారిలో వెళ్తోందో అనుమానముంటే సీటీ2 వెర్బోస్ అనే వేరియబుల్‌ని 1 చేసి నడపండి, నా చిప్పు ఏవీఎక్స్2 అని గుర్తించిందో లేదో మొదటి నాలుగు లైన్లలోనే చెప్పేస్తుంది.

విస్పర్ సీపీపీ. గెర్గానోవ్ అనే ఆయన 2022 చివర్లో మొదలుపెట్టింది, శుద్ధమైన సీ, సీ ప్లస్ ప్లస్, పైథాన్ వాసన లేదు. మ్యాక్ ఉన్నవాళ్ళు, ఫోన్ యాప్‌లో పెట్టాలనుకునేవాళ్ళు, రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు ఇటు రండి. 5 బిట్లకి కూడా క్వాంటైజ్ చేసుకోవచ్చు, ర్యామ్ 4 జీబీ ఉన్న మిషన్ మీద అది ప్రాణదానం. ఎన్‌కోడర్ భాగాన్ని మాత్రం ఓపెన్‌వినోకి అప్పజెప్పే వీలూ ఉంది. ఆడియోని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో 16 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా మార్చుకుని ఇస్తే ఏ గొడవా ఉండదు. బిల్డ్ సంగతి పైన ఏడ్చాను కదా, మళ్ళీ చెప్పను.

ఓపెన్‌వినో. ఇంటెల్ వాళ్ళది, 2018 నుంచి ఉంది, ఇప్పుడు ఓపెన్ సోర్స్. దీని గొప్పతనం సీపీయూ ఒక్కటే కాదు, అదే చిప్పులో ఖాళీగా కూర్చున్న ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌ని, కొత్త కోర్ అల్ట్రా ల్యాప్‌టాప్‌లైతే న్యూరల్ నెట్‌వర్క్ లెక్కల కోసమే ఉండే ఎన్‌పీయూని కూడా పనిలోకి దింపుతుంది. పదకొండో జనరేషన్ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు కచ్చితంగా ఒకసారి చూడాలి. నా నాలుగో జనరేషన్ పెట్టెకి దాంతో ఒరిగిందేమీ లేదు. మోడల్‌ని దాని రూపంలోకి మార్చడం ఒక్కోసారి ఒక్క కమాండ్‌తో అయిపోతుంది, ఒక్కోసారి ఆదివారం మొత్తం తినేస్తుంది. ఏఎండీ మిషన్ మీద కూడా నడుస్తుంది, నడవదని చెప్పేవాళ్ళని నమ్మకండి, కాకపోతే గ్రాఫిక్స్ వాడుకోవడం అనే లాభం అక్కడ ఉండదు.

ఓఎన్ఎన్ఎక్స్ రన్‌టైమ్. మైక్రోసాఫ్ట్‌ది. ఎక్కడైనా నడుస్తుంది, ఎవరి మోడలైనా నడుపుతుంది, ఎందులోనూ ఫస్ట్ ర్యాంకు రాకపోయినా ఎందులోనూ ఫెయిల్ అవని కుర్రాడు. ఇండిక్‌కన్ఫార్మర్ లాంటి సీటీసీ మోడళ్ళకి నేను చివరికి దీని దగ్గరే ఆగాను. మాట్లాడుతుండగానే టెక్స్ట్ రావాలి, ఆండ్రాయిడ్‌లో కూడా నడవాలి అంటే షెర్పా ఓఎన్ఎన్ఎక్స్ అనే ప్రాజెక్టు చూడండి, కాల్డీ అనే పాత స్పీచ్ టూల్‌కిట్ తరవాతి తరం వాళ్ళదే, దీని మీదే కట్టారు.

వోస్క్. కాల్డీ మీద కట్టింది. తెలుగుకి చిన్న మోడల్ ఉంది, 60 ఎంబీ లోపే. పాత పెంటియం మీద కూడా లైవ్‌గా నడుస్తుంది. కచ్చితత్వం? ప్రశాంతమైన గదిలో పుస్తకభాష చదివితే పరవాలేదు, అరుగు మీద నలుగురు ఒకేసారి మాట్లాడితే దండం. కానీ దాని చోటు వేరు: "లైటు వెయ్యి", "మోటారు ఆపు" లాంటి పది పదిహేను ఆజ్ఞలు గుర్తుపట్టాలంటే దానికి పదజాలం ఇంతే అని చెప్పి బిగించేయొచ్చు. పొలం మోటారుకి ఇలాంటిది కట్టుకునేవాళ్ళు విస్పర్ జోలికి పోవద్దు, రెండు సెకన్ల మాటకి 30 సెకన్ల పని చేయించడం దండగ.

ఎంకేఎల్, ఓపెన్‌బ్లాస్ మధ్య గొడవ గురించి చాలామంది అడుగుతారు. మీరు పైన చెప్పినవి వాడుతుంటే ఈ ప్రశ్న మీది కాదు, వాళ్ళే తేల్చేశారు. కాల్డీని సొంతంగా బిల్డ్ చేసేవాళ్ళకీ, నంపై (పైథాన్‌లో అంకెల లైబ్రరీ) మీద సొంత కోడ్ రాసేవాళ్ళకీ మాత్రమే ఇది. పిప్‌తో నంపై దించితే లోపల ఓపెన్‌బ్లాస్ ఉంటుంది, అనకొండా మామూలు ఛానెల్ నుంచి దించితే ఎంకేఎల్. ఇంటెల్ చిప్పైతే ఎంకేఎల్ ఒక అడుగు ముందు, అది ఉచితమే గానీ సోర్స్ ఇవ్వరు. ఏఎండీ వాళ్ళకి ఒకప్పుడు ఎంకేఎల్ సవతి తల్లి ప్రేమ చూపించేది, చిప్పు ఇంటెల్‌దా కాదా అని చూసి నెమ్మది దారిలోకి తోసేది. ఒక డీబగ్ వేరియబుల్ పెట్టి జనం దొడ్డిదారిన వెళ్ళేవాళ్ళు, 2020లో అదీ మూసేశారు, తర్వాత ఏఎండీ రైజెన్‌కి కొంత వేరే దారి వేశారు. రైజెన్ ఉంటే ఓపెన్‌బ్లాస్‌తో మొదలుపెట్టండి, దానికి మూలం జపాన్ ఇంజనీర్ కజుషిగే గోటో ఒక్కో చిప్పుకీ అసెంబ్లీలో చేత్తో రాసిన గోటోబ్లాస్, బీఎస్‌డీ లైసెన్స్, సోర్స్ మొత్తం మీ చేతిలో.

థ్రెడ్ల (కోర్ల మీద ఒకేసారి నడిచే పనుల) సంగతి చెప్పకపోతే పాపం. నాలుగు కోర్ల మిషన్ మీద నాలుగు ఫైళ్ళు ఒకేసారి పెట్టాను, ఒక్కోటి నాలుగు థ్రెడ్లు తీసుకుంది, మొత్తం పదహారు, నాలుగు కుర్చీలకి పదహారు మంది కొట్టుకున్నారు. ఒక్కో ఫైలు విడిగా నడిపిన దానికంటే మొత్తం ఆలస్యమైంది. ఫాస్టర్ విస్పర్‌లో అయితే థ్రెడ్ల సంఖ్య చెప్పే ఓఎంపీ నమ్ థ్రెడ్స్ వేరియబుల్‌ని 1 చేసి నాలుగు ఫైళ్ళు నడపండి, లేదా 4 చేసి ఒక్క ఫైలు నడపండి. ర్యామ్ సరిపోతే మొదటిది మేలు. హైపర్‌థ్రెడింగ్ చూపించే రెట్టింపు అంకెని నమ్మకుండా అసలు కోర్ల సంఖ్యే పెట్టండి. ఐ5 1235యూ లాంటి కొత్త ల్యాప్‌టాప్‌లలో రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు ఉంటాయి. పన్నెండు థ్రెడ్లు ఇస్తే పెద్దవి తమ వాటా ముగించి చిన్నవాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అక్కడ 2, 4, 8 మూడూ పెట్టి చూసి ఏది బాగుంటే అది, ఇంకో మార్గం లేదు.

పోల్చి చూసేటప్పుడు మీ సొంత ఆడియోలోంచే పది నిమిషాలు తీసుకోండి, దాన్ని చేత్తో టైప్ చేసి పెట్టుకోండి, చిరాకే గానీ తప్పదు. టైమ్ చూసేది కనీసం ఒక అరగంట నడిపాక చూడండి, ల్యాప్‌టాప్ మొదటి ఐదు నిమిషాలు కొత్త అల్లుడిలా ఉంటుంది, వేడెక్కాక అసలు రంగు బయటపడుతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో తీసిన అంకెలకీ డిసెంబర్ అంకెలకీ పోలికే ఉండదు. తప్పులు లెక్కపెట్టేటప్పుడు మాటల లెక్కన కాకుండా అక్షరాల లెక్కన చూడండి. "వెళ్ళిపోయాడు", "వెళ్లిపోయాడు", "వెళ్ళి పోయాడు" మూడూ ఒకటే మనకి, మాటల లెక్క పెట్టే స్క్రిప్టుకి మాత్రం మూడూ వేరు. ముందు ళ్ళ, ళ్ల ఒకటిగా మార్చేసి, ఖాళీలు తీసేసి అప్పుడు పోల్చండి. అలా చేస్తేనే 8 బిట్లకి తగ్గించడం వల్ల నిజంగా ఎంత పోయిందో తెలుస్తుంది. నా ఆడియో మీద స్మాల్ మోడల్‌కి 8 బిట్ల వల్ల పోయింది వెతికినా కనపడలేదు, 5 బిట్లకి వచ్చేసరికి పేర్లు చెడిపోవడం మొదలైంది.

స్పీచ్ కాకుండా మిగతా ప్యాటర్న్ రికగ్నిషన్ పనుల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలే. పైథాన్ లైబ్రరీ సైకిట్ లెర్న్‌లో ఎస్‌వీఎం, కేఎన్ఎన్, కేమీన్స్ నడిపే విద్యార్థులు ఇంటెల్ ఎక్స్‌టెన్షన్ దించి పైన రెండు లైన్లు కలిపితే చాలు, మిగతా కోడ్ ముట్టుకోనక్కర్లేదు. డేటా లక్షల వరసల్లో ఉంటేనే తేడా కనిపిస్తుంది, వెయ్యి వరసల అసైన్‌మెంట్‌కి వద్దు. ఇమేజ్‌ల లైబ్రరీ ఓపెన్‌సీవీలో 3.0 నుంచి ఐపీపీలో కొంత భాగం ఉచితంగా కలిసే వస్తోంది, మీకు తెలియకుండానే వాడేస్తున్నారు. తెలుగు ఓసీఆర్ (స్కాన్ చేసిన పేజీని టెక్స్ట్ చేయడం) కోసం టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాళ్ళకి కూడా ఏవీఎక్స్2 దారి దానంతట అదే పడుతుంది, అక్కడ వేగం కంటే స్కాన్ 300 డీపీఐ ఉందా లేదా అన్నది ముఖ్యం.

ప్రస్తుతం నా ఇంట్లో ఏర్పాటు: అరవై గంటల మొత్తానికీ డెస్క్‌టాప్ మీద ఓఎన్ఎన్ఎక్స్ రన్‌టైమ్‌తో ఇండిక్‌కన్ఫార్మర్, రాత్రిళ్ళు, కరెంటు పోతే ఆగినచోట నుంచి మొదలయ్యేలా చిన్న స్క్రిప్టుతో. ముఖ్యమైన ముక్కలకి మాత్రం తెలుగు ఫైన్‌ట్యూన్ చేసిన విస్పర్ స్మాల్‌ని ఫాస్టర్ విస్పర్‌లో ఇంట్8తో ఇంకోసారి నడిపి రెండూ పక్కపక్కన చూసుకుంటాను. సార్వా, దాళ్వా (వరి పంట కాలాలు) అనే మాటలు రెండింటికీ మొదట్లో అసలు చిక్కలేదు, "సర్వ", "దల్వ", ఒకచోట ఏకంగా "తలుపు". విస్పర్‌కి ముందే చెప్పుకునే ప్రాంప్ట్ ఉంటుంది కదా, అందులో ఊరి మాటలు ఓ ఇరవై పెట్టాను, సార్వా, దాళ్వా, లంక, దమ్ము, ఏటిగట్టు. ఇప్పుడు దాళ్వా అన్నచోట చక్కగా దాళ్వా అనే రాస్తోంది. నిన్న రాత్రి మాత్రం మా తాతయ్య పొలమారి రెండుసార్లు దగ్గితే అక్కడ కూడా "దాళ్వా, దాళ్వా" అని రాసి పెట్టింది.